మొనాకో శనివారం రేసు: ఐరోపా జూనియర్ మోటారు క్రీడలో ఒక పరీక్ష కథ

మధ్యధరా సముద్రతీరాన, ఫ్రాన్సు భూభాగం మూడు వైపులా చుట్టుకుని ఉన్న మొనాకో సంస్థానంలో 1929లో మొదలైన గ్రాండ్ ప్రి కారు రేసు గురించి మోటారు క్రీడతో పరిచయం లేనివారు సైతం ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. అయితే ఆ ఆదివారపు రేసుకు ముందు, సాధారణంగా శనివారం నాడు, అవే వీధుల్లో, అవే ఇనుప కంచెల మధ్య, ఇంకా పేరు సంపాదించుకోని యువకులు చిన్న ఇంజన్ల కార్లతో పోటీపడిన జూనియర్ రేసు ఒకటి 1959 నుంచి 1997 వరకు ఏటా జరిగిందనీ, ఐరోపాలో రేసింగును జీవనోపాధిగా ఎంచుకున్న యువకులు కొంతకాలం పాటు ఒక ఛాంపియన్‌షిప్ మొత్తం గెలవడం కంటే ఆ ఒక్క రేసు గెలవడాన్నే ఎక్కువగా కోరుకున్నారనీ తెలిసినవారు తక్కువ. ఆ రేసుకు అంతటి విలువ ఎలా వచ్చింది, ఆ విలువ ఎందుకు నిలబడలేదు అన్న ప్రశ్నలకు సమాధానం గెలిచిన డ్రైవర్ల ప్రతిభలో కంటే ఆ స్థలంలోనూ, ఆ వారాంతాన అక్కడ ఎవరెవరు చేరేవారన్న దానిలోనూ ఎక్కువగా దొరుకుతుంది.

ఈ చరిత్ర అర్థం కావాలంటే రెండు మాటలు ముందుగా తెలియాలి. ఒకే ఒక్క డ్రైవరు కూర్చునే చోటు మాత్రమే ఉండి, చక్రాలు పైకప్పు లేని శరీరానికి వెలుపల బయటికి కనిపిస్తూ ఉండే రేసు కారును ఒంటి సీటు కారు అంటారు. ఇటువంటి కార్లు ఏ నియమాలకు లోబడి తయారు కావాలో, అంటే ఇంజను ఎన్ని ఘన సెంటీమీటర్లు ఉండాలో, కారు కనీస బరువు ఎంతో, ఏ భాగాలు మామూలు కార్ల నుంచి తీసుకోవాలో నిర్ణయించే నిబంధనల సమాహారమే ఫార్ములా. ఈ నిబంధనలను పారిస్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఖరారు చేస్తుంది. ఫార్ములా వన్ పై మెట్టు. దానికి కింద ఉన్న మెట్లను తరతరానికీ కొత్తగా కట్టుకుంటూ, కూల్చుకుంటూ రావడమే జూనియర్ రేసింగు చరిత్ర.

మొదటి మెట్టు ఇంగ్లండులో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే, పెట్రోలు కూడా రేషనులో దొరుకుతున్న రోజుల్లో పడింది. ఖరీదైన ఇంజన్లు కొనే స్తోమత లేని ఔత్సాహికులు మోటారు సైకిలుకు వాడే 500 ఘన సెంటీమీటర్ల ఇంజనును ఒక తేలికైన చట్రంలో బిగించి, ఇంట్లోనే రేసు కారు తయారు చేసుకోవచ్చునని 1946 ప్రాంతంలో నిరూపించారు. సర్బిటన్ అనే ఊళ్ళో గ్యారేజీ నడిపే చార్లెస్ కూపర్, ఆయన కొడుకు జాన్ కూపర్ రెండు చిన్న ఫియట్ కార్ల ముందు భాగాలను తీసుకుని ఒకదాని వెనుక ఒకటి అతికించి కారు కట్టారు. మోటారు సైకిలు ఇంజను గొలుసుతో వెనుక చక్రాలను తిప్పాలి కాబట్టి ఇంజనును డ్రైవరు వీపు వెనుక పెట్టడమే వారికి సులువనిపించింది. కేవలం సౌలభ్యం కోసం చేసిన ఆ ఏర్పాటు తరువాతి కాలంలో రేసు కార్ల రూపాన్నే మార్చివేసింది. 1950లో సమాఖ్య ఈ 500 ఘన సెంటీమీటర్ల తరగతిని ఫార్ములా త్రీ పేరుతో అంతర్జాతీయంగా గుర్తించింది. అదే సంవత్సరం మే నెలలో మొనాకోలో జరిగిన గ్రాండ్ ప్రిలో హ్యారీ షెల్ అనే డ్రైవరు కాస్త పెద్ద ఇంజను బిగించిన చిన్న కూపర్ కారుతో దిగాడు. మొదటి చుట్టులోనే చాలా కార్లు ఒకదానికొకటి గుద్దుకున్న ప్రమాదంలో అతని కారు కూడా చిక్కుకుపోయినా, ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసులో పోటీపడిన మొదటి వెనుక ఇంజను కారు అదే అయింది. తొమ్మిదేళ్ల తరువాత, 1959లో, జాక్ బ్రాబమ్ వెనుక ఇంజను కూపర్‌తోనే ప్రపంచ ఛాంపియన్ కావడంతో ముందు ఇంజను కార్ల కాలం చెల్లిపోయింది. పై మెట్టు మీది యంత్రం రూపాన్ని కింది మెట్టు నిర్ణయించిన సందర్భాలు ఈ క్రీడలో అరుదు. అందుకే పేద ఔత్సాహికుల ఈ తొలి ప్రయత్నానికి చరిత్రలో ఇంకా ఎక్కువ చోటు దక్కవలసి ఉంది.

500 ఘన సెంటీమీటర్ల తరగతి స్టిర్లింగ్ మాస్ వంటి డ్రైవర్లను తయారు చేసింది గాని, అది ప్రధానంగా బ్రిటిష్ క్రీడగానే మిగిలిపోయింది. ఇటలీ పరిస్థితి వేరు. 1955లో ఆల్బర్టో అస్కారీ మోంజాలో, 1957లో యూజీనియో కాస్తెలోత్తీ మోదెనాలో, 1958లో లుయీజీ ముస్సో ఫ్రాన్సులోని రేంస్‌లో ప్రాణాలు కోల్పోవడంతో ఆ దేశపు అగ్రశ్రేణి డ్రైవర్ల తరం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వారి స్థానంలోకి రావలసిన యువకులకు తర్ఫీదు ఇచ్చే తరగతి ఏదీ లేదు. ఈ లోటును గుర్తించిన కౌంట్ జొవాన్నీ లురానీ, స్వయంగా డ్రైవరూ రచయితా కూడా అయినవాడు, ఫార్ములా జూనియర్ అనే కొత్త తరగతిని ప్రతిపాదించాడు. కారు బరువు 360 కిలోలైతే ఇంజను 1000, 400 కిలోలైతే 1100 ఘన సెంటీమీటర్లకు మించరాదు. ఇంజనూ గేర్‌బాక్సూ రోడ్డు మీద తిరిగే మామూలు కార్లవే కావాలి. ఇటలీలో ఏ వీధిలోనైనా కనిపించే ఫియట్ 1100 కారు ఇంజనుతో తమ యువకులు తక్కువ ఖర్చుతో రేసులు నేర్చుకుంటారన్నది లురానీ ఆశ. 1959లో ఈ తరగతికి అంతర్జాతీయ గుర్తింపు లభించింది. అదే ఏడు మొనాకోలో జరిగిన తొలి ఫార్ములా జూనియర్ రేసును ఫియట్ ఇంజను గల స్టాంగెల్లీనీ కారుతో మైఖేల్ మే గెలిచాడు. మూడేళ్ల ముందే తన పోర్షె కారు మీద విమానపు రెక్క వంటి పలకను తలకిందులుగా అమర్చి, గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమి ఉంచవచ్చునని చూపబోయి, నిర్వాహకుల అభ్యంతరం వల్ల దాన్ని తీసివేయవలసి వచ్చిన ఇంజనీరు కూడా ఇతడే. ఫార్ములా వన్ ఆ ఆలోచనను అందుకోవడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

లురానీ ఆశ ఎక్కువకాలం నిలవలేదు. 1960 నుంచి కూపర్, లోటస్ కంపెనీల వెనుక ఇంజను కార్లు, మైక్ కాస్టిన్, కీత్ డక్‌వర్త్ స్థాపించిన కాస్‌వర్త్ సంస్థ పదునుపెట్టిన ఫోర్డ్ ఇంజన్లు ఇటాలియన్ కార్లను వెనక్కి నెట్టేశాయి. మొనాకోలో 1960లో హెన్రీ టేలర్ కూపర్‌తో గెలవగా, 1961లోనూ 1962లోనూ పీటర్ అరండెల్ లోటస్‌తో వరుసగా గెలిచాడు. ఆ ఆధిక్యం ఎంతగా ఉన్నదంటే రిచర్డ్ ఫాన్ ఫ్రాంకెన్‌బెర్గ్ అనే జర్మన్ పాత్రికేయుడు లోటస్ ఇంజను నిబంధన కంటే పెద్దదనీ, అది మోసమనీ బాహాటంగా రాశాడు. లోటస్ అధినేత కాలిన్ చాప్‌మన్ 1000 పౌండ్లు పణంగా ఒడ్డి సవాలు స్వీకరించాడు. 1962 డిసెంబరు చలిలో అరండెల్ మోంజా సర్క్యూట్‌కు తిరిగి వెళ్ళి, వివాదానికి కారణమైన రేసులో తాను నమోదు చేసిన వేగాన్ని అధిగమించి చూపాడు. ఆ వెంటనే ఇంజను విప్పి కొలిస్తే అంతా నిబంధనల ప్రకారమే ఉన్నదని తేలింది. ఈ ఉదంతం లోటస్ నిజాయితీని రుజువు చేసిన మాట నిజమే గాని, అంతకంటే ముఖ్యంగా అది మరో సంగతిని బయటపెట్టింది: చవకగా డ్రైవర్లను తయారు చేయడానికి పుట్టిన తరగతి నాలుగేళ్లు తిరగకుండానే పెద్ద కంపెనీలు తమ పరువును పణంగా పెట్టే రణరంగమైపోయింది. తరువాతి అరవై ఏళ్లలో ప్రతి జూనియర్ తరగతీ ఇదే దారిలో నడిచింది.

1964లో సమాఖ్య ఫార్ములా జూనియర్‌ను రద్దు చేసి, ఫార్ములా త్రీ పేరును తిరిగి తెచ్చింది. ఇంజను 1000 ఘన సెంటీమీటర్లకు లోబడి, మామూలు కారు ఇంజను ఆధారంగానే ఉండాలి. ఇంధనాన్ని గాలితో కలిపి అందించే కార్బ్యురేటర్ ఒక్కటే ఉండాలి. ఆ నియమం కిందే కాస్‌వర్త్ వారు ఫోర్డ్ ఆంగ్లియా ఇంజనును నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరిగేలా తీర్చిదిద్దారు. కర్ణకఠోరమైన దాని శబ్దం వల్ల ఆనాటి కార్లకు అరిచే కార్లన్న పేరు వచ్చింది. కొత్త నిబంధనల తొలి ఏడాదిలోనే మొనాకో రేసు తన అసలు స్వభావాన్ని చూపింది. కలప వ్యాపారి కెన్ టిరెల్ తన చిన్న జట్టు కోసం ఒక స్కాటిష్ యువకుణ్ణి గుడ్‌వుడ్ సర్క్యూట్‌లో పరీక్షించగా, అదే కారులో అప్పటికే ఫార్ములా వన్ విజేత అయిన బ్రూస్ మెక్‌లారెన్ కంటే ఆ కుర్రవాడు వేగంగా తిరిగాడు. జాకీ స్టీవర్ట్ అనే ఆ యువకుడు మే నెలలో మొనాకోలో గెలవడం ఫార్ములా వన్ జట్ల యజమానులందరి కళ్ళ ముందే జరిగింది. 1965 జనవరి ఒకటిన దక్షిణాఫ్రికాలో అతడు బీఆర్‌ఎం జట్టు తరఫున ఫార్ములా వన్ రేసులో దిగాడు. 1969, 1971, 1973 సంవత్సరాలలో అదే టిరెల్‌తో కలిసి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

కళ్ళ ముందు జరగడమన్నదే ఇక్కడ కీలకం. ఐరోపాలో ఫార్ములా త్రీ రేసులు ఆ రోజుల్లో ఎన్నో ఊళ్ళలో జరిగేవి, కాని వాటిని చూడడానికి ఫార్ములా వన్ జట్ల అధిపతులు వెళ్ళేవారు కారు. మొనాకోలో మాత్రం వారు గ్రాండ్ ప్రి కోసం ఎలాగూ అక్కడే ఉండేవారు, ఇరుకైన ఆ ఊళ్ళో శనివారం రేసును తప్పించుకోవడం కూడా కష్టమే. పైగా ఆ సర్క్యూట్ డ్రైవరు నైపుణ్యాన్ని కారు శక్తి నుంచి వేరుచేసి చూపగలిగేది. రేంస్, మోంజా వంటి చోట్ల పొడవాటి తిన్నని దారులుండేవి. అక్కడ ముందున్న కారు గాలిని చీల్చుకుపోతుంటే దాని వెనుక గాలి పలచబడిన చోట వెనుక కారు తక్కువ శ్రమతో వేగం పుంజుకునేది, దాన్ని స్లిప్‌స్ట్రీమ్ అంటారు. అందువల్ల పది, పదిహేను కార్లు ఒక గుంపుగా చివరి మలుపు దాకా కలిసే వెళ్ళేవి, ఎవరు గెలుస్తారన్నది అదృష్టం మీద కూడా ఆధారపడేది. మొనాకోలో అటువంటి అవకాశం లేదు. అప్పట్లో సుమారు 3.1 కిలోమీటర్లు ఉన్న ఆ దారి సాంత్ దెవోత్ చర్చి దగ్గర మలుపు తిరిగి క్యాసినో వైపు కొండ ఎక్కి, మీరాబో దగ్గర దిగి, పాత రైల్వే స్టేషను దగ్గర వెనక్కి తిరిగినట్టుగా వంగి, సముద్రం ఒడ్డు సొరంగంలో దూరి, ఓడరేవు అంచున పొగాకు దుకాణం పేరుతో పిలిచే తబాక్ మలుపు మీదుగా గ్యాస్ కార్ఖానా దగ్గరి ఇరుకు మలుపుకు చేరేది. తిన్నని దారి లేదు, తప్పు చేస్తే తప్పించుకునే ఖాళీ స్థలం లేదు. 1955 గ్రాండ్ ప్రిలో అస్కారీ కారు ఏకంగా ఓడరేవు నీళ్ళలోకే దూసుకుపోయింది. ప్రవేశం కోరేవారు చాలామంది కాబట్టి వారిని రెండు తొలి రేసులుగా విడగొట్టి, వాటిలో ముందున్నవారినే తుది రేసుకు అనుమతించేవారు. ఒక్క వారాంతంలో అన్ని దశలనూ గోడకు తగలకుండా, ముందు వరుసలో పూర్తిచేసినవాడికి నిజంగానే ఏదో ఉందని చూసేవారికి తోచడం సహజం.

ఆ రోజుల్లో అక్కడికి చేరడమే ఒక సాహసం. 1960ల మధ్యలో ఫార్ములా త్రీ డ్రైవర్లు చాలామంది ఒక పాత వ్యానులోనో ట్రక్కులోనో కారును, విడిభాగాలను, ఒక మెకానిక్‌ను వేసుకుని, ఇంగ్లండు నుంచి ఇటలీకి, అక్కడి నుంచి స్వీడన్‌కు, మళ్ళీ జర్మనీకి వేసవి అంతా తిరిగేవారు. నిర్వాహకులు ఎక్కువ కార్లు రావాలనే ఉద్దేశంతో పాల్గొన్నందుకే కొంత డబ్బు చెల్లించేవారు. ఆ ప్రారంభపు సొమ్ముతో పెట్రోలు, టైర్లు, తిండి గడవాలి, ఇంజను పగిలితే మిగిలిన సీజనంతా గాలికి పోయినట్టే. తరువాత ప్రపంచ ప్రఖ్యాత జట్టు యజమాని అయిన ఫ్రాంక్ విలియమ్స్ ఇలాంటి తిరుగుడు డ్రైవర్లలో ఒకడే. డ్రైవింగ్‌లో తనకు భవిష్యత్తు లేదని గ్రహించి, తోటి డ్రైవర్లకు పాత కార్లు, విడిభాగాలు అమ్మే వ్యాపారం మొదలుపెట్టి, దాని మీద వచ్చిన సొమ్ముతోనే మిత్రుడు పియర్స్ కరేజ్ కోసం జట్టు కట్టాడు. మద్యం వ్యాపారపు సంపన్న కుటుంబంలో పుట్టిన కరేజ్ కూడా ఆ వ్యాను జీవితాన్నే ఎంచుకున్నాడు. 1970లో హాలండ్‌లోని జాండ్‌వోర్ట్ గ్రాండ్ ప్రిలో విలియమ్స్ జట్టు కారులోనే అతడు మంటల్లో మరణించాడు. ఈ తరగతిలో ప్రమాదాలు తక్కువేమీ కాదు: అదే 1970 జూన్‌లో ఫ్రాన్సులోని రూఆఁలో జరిగిన ఒకే ఒక్క ఫార్ములా త్రీ రేసు జాన్-లుక్ సలొమోన్‌నూ దెనీ దాయాన్‌నూ బలిగొంది. ఇద్దరూ పెద్ద పేరుకు దగ్గరగా వచ్చిన యువకులు. జూనియర్ రేసు అన్న మాట వినగానే పిల్లల ఆట అని భావించేవారు ఈ రెండు పేర్లను గుర్తుంచుకోవడం న్యాయం.

1966 నుంచి మొనాకో విజేతల పట్టికలో ఫ్రెంచి పేర్లు తరచుగా కనిపించడం యాదృచ్ఛికం కాదు. ఆ ఏడు జాన్-పియేర్ బెల్త్వాజ్, 1967లో ఆన్రీ పెస్కరోలో ఇద్దరూ మాత్రా కార్లతో గెలిచారు. మాత్రా అప్పటికి క్షిపణులు తయారు చేసే సంస్థ, విమాన నిర్మాణంలో సంపాదించిన నేర్పును రేసు కారు శరీరానికి అన్వయించింది. 1968లో జాన్-పియేర్ జొసో, 1972లో పత్రిక్ దెపాయే, 1973లో జాక్ లఫీత్, 1977లో దిదియే పిరోనీ, 1979లో ఆలాన్ ప్రోస్ట్ గెలిచారు. దీని వెనుక మరే ఐరోపా దేశంలోనూ లేనంత పకడ్బందీ ఏర్పాటు ఒకటి ఉండేది: మాగ్నీ-కూర్, పాల్ రికార్ సర్క్యూట్లలోని శిక్షణ పాఠశాలలు ఏటా పోటీ పెట్టి ఒక్క యువకుణ్ణి ఎంపిక చేసేవి, ఎల్ఫ్ చమురు సంస్థ ఆ విజేతకు మరుసటి ఏడాది కారు, ఖర్చు సమకూర్చేది, తీకో మార్తీనీ వంటి దేశీయ నిర్మాతలు, రెనో కంపెనీ యంత్రాలు అందించేవి. పిరోనీ, ప్రోస్ట్ ఇద్దరూ ఈ గొలుసు ద్వారానే పైకి వచ్చారు. ప్రతిభను దేశపు ఆస్తిగా భావించి మెట్టుమెట్టుకూ ఎక్కించిన ఈ పద్ధతి ఈనాటి జూనియర్ అకాడమీలకు నిజమైన మాతృక. అయితే నాటి పోటీలో ప్రవేశించడానికి తండ్రి సంపన్నుడై ఉండవలసిన అవసరం ఇంతగా ఉండేది కాదు.

ఒక్క రేసు ఒక జీవితాన్ని ఎంతగా మార్చగలదో చెప్పడానికి మూడు ఉదాహరణలు చాలు. 1969లో స్వీడన్‌కు చెందిన రోనీ పీటర్సన్ తన దేశస్థుడే అయిన రైనె విసెల్‌తో హోరాహోరీగా తలపడి, బొలోన్యాలో తయారైన టెక్నో కారుతో మొనాకో తుది రేసు గెలిచాడు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1970 మొనాకో గ్రాండ్ ప్రిలోనే, అతడు ఫార్ములా వన్ డ్రైవరుగా తొలి రేసులో దిగాడు. 1974లో వేల్స్‌కు చెందిన టామ్ ప్రైస్‌కు అనుభవం చాలదంటూ మొనాకో గ్రాండ్ ప్రి నిర్వాహకులు ప్రవేశం నిరాకరించారు. ఫార్ములా వన్ రుచి చూసినవాడు మళ్ళీ ఒక మెట్టు దిగి ఫార్ములా త్రీ కారు నడపడం చిన్నతనమని భావించకుండా, ప్రైస్ మార్చ్ కారుతో శనివారం రేసులో దిగి, తన వెనుకవాడికి ఇరవై సెకన్లకు పైగా అంతరాన్ని మిగిల్చి గెలిచాడు. కొన్ని వారాల్లోనే షాడో జట్టు అతణ్ణి తీసుకుంది. తిరస్కారానికి ఇంతకంటే ఘనమైన జవాబు ఈ క్రీడ చరిత్రలో వెతికినా దొరకదు. 1977 మార్చిలో దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో, కారుకు అడ్డంగా పరుగెత్తిన ఒక సహాయకుడిని ఢీకొన్న ప్రమాదంలో అతడు మరణించినప్పుడు వయసు ఇరవై ఏడేళ్లు. అదే ఏడాది మే నెలలో, ఒక మెట్టు పైనున్న ఫార్ములా టూలో పోటీపడుతున్న పిరోనీ ఈ ఒక్క రేసు కోసమే ఫార్ములా త్రీకి దిగివచ్చి గెలిచి, 1978లో టిరెల్ ఫార్ములా వన్ జట్టులో చోటు సంపాదించాడు.

అయితే ఈ పరీక్షలో నెగ్గినవారందరినీ అదృష్టం వరించలేదు. 1970 విజేత టోనీ ట్రిమ్మర్ ఆ తరువాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసుల్లో పాల్గొనడానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్కసారి కూడా అర్హత సాధించలేకపోయాడు. 1971 విజేత, ఆస్ట్రేలియాకు చెందిన డేవ్ వాకర్‌కు మరుసటి ఏడు లోటస్ జట్టులోనే చోటు దొరికింది. ఆ ఏడాది అతని సహచరుడు ఎమర్సన్ ఫిటిపాల్డీ ప్రపంచ ఛాంపియన్ కాగా, వాకర్ ఒక్క పాయింటు కూడా సాధించలేకపోయాడు. మొనాకో పరీక్ష వేగాన్ని, నిబ్బరాన్ని కొలవగలిగింది. పెద్ద జట్టులో యంత్రం మీద, మనుషుల మీద, వనరుల మీద హక్కు సంపాదించుకునే నేర్పును అది కొలవలేకపోయింది. వాకర్ పరాజయాన్ని అతని ప్రతిభా లోపంగా మాత్రమే చూసే పాత రాతలు ఈ తేడాను పట్టించుకోలేదనిపిస్తుంది.

1971లో ఇంజను పరిమితి 1600కు, 1974లో 2000 ఘన సెంటీమీటర్లకు పెరిగింది. ఇంజను పెరిగినా శక్తి మితిమీరకుండా గాలి లోపలికి వెళ్ళే దారిలో 24 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒక సన్నని రంధ్రం తప్పనిసరి చేశారు. ఎంత గొప్ప ఇంజను అయినా ఆ రంధ్రం గుండా పీల్చగలిగిన గాలికి మించి శక్తి ఇవ్వలేదు కాబట్టి డబ్బున్న జట్టుకూ లేని జట్టుకూ మధ్య అంతరం కొంతైనా తగ్గింది. ఇటలీలోని నొవారాలో నోవామోటార్ సంస్థ మెరుగుపరచిన టయోటా ఇంజను ఈ నియమం కింద కొన్నేళ్ల పాటు రాజ్యమేలింది. ఇదే కాలంలో చెల్లాచెదురుగా ఉన్న ఫార్ములా త్రీ రేసులకు ఒక క్రమం వచ్చింది: 1975లో ఐరోపా స్థాయి పోటీ మొదలై, ఆ ఏడు ఆస్ట్రేలియాకు చెందిన లారీ పెర్కిన్స్, 1976లో రికార్డో పత్రేజే, 1979లో ప్రోస్ట్, 1980లో మికేలే అల్బొరేతో విజేతలయ్యారు. 1979లో ప్రోస్ట్ మార్తీనీ-రెనో కారుతో ఐరోపా టైటిలునూ మొనాకోనూ రెండింటినీ గెలిచి, మరుసటి ఏడాదే మెక్‌లారెన్ జట్టులో చేరి, ఆ తరువాత నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఐరోపా ఛాంపియన్‌షిప్ 1984లో ఇవాన్ కాపెల్లీ విజయంతో ముగిసిపోయింది. ఆ ఏటి మొనాకో విజేత కూడా అతడే.

ఆ తరువాత మొనాకో జోస్యం తప్పడం మొదలైంది, నిజానికి దాని సూచనలు అంతకు ముందే కనిపించాయి. 1981లోనూ 1982లోనూ ఆలాన్ ఫెర్తే, 1983లో అతని సోదరుడు మిషెల్ ఫెర్తే గెలిచి మూడేళ్ల పాటు ఆ బహుమతిని ఒకే ఇంట ఉంచారు. ఇద్దరిలో ఒక్కరికీ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసులో పాల్గొనే అవకాశం రాలేదు. 1988లో మొనాకో రేసునూ ఆసియాలోని మకావ్ రేసునూ గెలిచిన ఎన్రికో బెర్తాజ్జా 1989లో కొలోనీ జట్టుతో ఫార్ములా వన్‌కు వెళ్ళి, అర్హతా పరీక్షకు ముందు బలహీన జట్లకు అప్పట్లో పెట్టిన వడపోతను కూడా ఒక్కసారైనా దాటలేకపోయాడు. దీనికి కారణాలు స్పష్టమే. 1985లో ఫార్ములా టూ స్థానంలో ఫార్ములా 3000 వచ్చి, ఫార్ములా త్రీకీ ఫార్ములా వన్‌కూ మధ్య బలమైన మెట్టుగా స్థిరపడింది. ఫార్ములా వన్ అధిపతులు కొత్తవారి కోసం ఇక అక్కడే చూశారు. ఐరోపా ఛాంపియన్‌షిప్ లేకపోవడంతో బ్రిటన్, ఇటలీ, ఫ్రాన్సు, జర్మనీ దేశాల యువకులు ఎవరి జాతీయ పోటీల్లో వారు మునిగిపోయారు. దేశదేశాల ఛాంపియన్లను ఒక్కచోట తలపడజేసే గౌరవం 1983 నుంచి ఫార్ములా త్రీ నియమాలతో జరిగిన మకావ్ గ్రాండ్ ప్రికి క్రమంగా బదిలీ అయింది. ఆ మొదటి ఏడు అక్కడ ఐర్టన్ సెన్నా, 1990లో మికా హాకినెన్‌తో తలపడి మైకేల్ షూమాకర్ గెలిచారు. కార్ల వైవిధ్యం కూడా తరిగిపోయింది: పార్మా దగ్గరి వరానో అనే పల్లెలో ఉన్న దల్లారా సంస్థ 1993లో తెచ్చిన కారు మిగతా నిర్మాతలందరినీ రెండు మూడేళ్లలో మార్కెట్ నుంచి తరిమివేసింది. 1994లో జంకార్లో ఫిజికెల్లా, 1997లో నిక్ హైడ్‌ఫెల్డ్ గెలిచి మళ్ళీ పైకి వెళ్ళినా, అప్పటికి ఆ రేసు ఒక గౌరవప్రదమైన పాత ఆనవాయితీగా మాత్రమే మిగిలి ఉంది. 1998లో దాని స్థానాన్ని ఫార్ములా 3000 ఆక్రమించింది. ఆ తొలి ఏడు అక్కడ గెలిచినవాడూ హైడ్‌ఫెల్డే.

ఫార్ములా త్రీ కార్లు మొనాకో వీధుల్లోకి పూర్తిగా రాకుండా పోలేదు. 2003లో మొదలైన ఫార్ములా త్రీ యూరో సిరీస్ 2005లో అక్కడ రెండు రేసులు నిర్వహించగా, లూయిస్ హామిల్టన్ రెండింటినీ గెలిచాడు. ఆ సీజన్‌లో 20 రేసులకు 15 గెలిచి అతడు టైటిల్ కైవసం చేసుకున్నాడు, ఏడాది తరువాత ఒక మెట్టు పైనున్న జీపీ2 తరగతిలోనూ మొనాకోలో గెలిచాడు. 2019లో కొత్తగా ఏర్పడిన ఫార్ములా త్రీ ఛాంపియన్‌షిప్ 2023లో మొదటిసారి మొనాకోకు వచ్చినప్పుడు ప్రధాన రేసును ఇటలీకి చెందిన గాబ్రియేలె మినీ గెలిచాడు, 2024లోనూ అతడే గెలిచాడు. అందరి కార్లూ దల్లారావే, అందరి ఇంజన్లూ ఒక్క తయారీదారువే. ఎవరి వ్యానూ ఎవరి మెకానికూ ఇక విధిని నిర్ణయించవు. సమానత్వం కోసం ఇది మేలే. కాని మాత్రా, మార్తీనీ, టెక్నో వంటి నిర్మాతలకు ఎదిగే చోటు ఇచ్చిన తరగతి నిర్మాతలకు తలుపు మూసి, డ్రైవర్లకు మాత్రమే పరీక్షగా మిగిలిపోవడం ఈ క్రీడ కోల్పోయిన పెద్ద సంపద.

ఇంగ్లండులో 1990ల చివర జాతీయ ఫార్ములా త్రీలో పోటీపడిన కోయంబత్తూరు డ్రైవరు నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కు చేరడంతో భారతీయులకు ఈ మెట్లదారి మొదటిసారి కనిపించింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున, సుమారు 2.8 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు, గెలిచిన జాన్-ఎరిక్ వెర్న్ 2010 బ్రిటిష్ ఫార్ములా త్రీ ఛాంపియన్. మూడో స్థానం దక్కిన ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా రెండుసార్లు మకావ్ ఫార్ములా త్రీ విజేత. తెలుగువారి నగరంలో గోడల మధ్య కార్లు నడిపినవారు ఆ విద్యను ఐరోపా జూనియర్ తరగతుల్లోనే అభ్యసించారన్నమాట. ఇక 2025 మే నెలలో బెంగళూరుకు చెందిన కుష్ మైనీ, పాత పేరుతోనే తిరిగి వచ్చిన ఫార్ములా టూ తరగతికి మొనాకోలో జరిగిన శనివారపు రేసులో గెలిచి, అక్కడ ఆ తరగతిలో నెగ్గిన తొలి భారతీయుడయ్యాడు. ఈనాటి ఫార్ములా టూలో శనివారపు చిన్న రేసుకు అర్హతా పోటీలో మొదటి పది స్థానాల్లో నిలిచినవారి వరుసను తిరగేసి పెడతారు. అర్హతా పోటీలో పదో స్థానంలో నిలిచిన మైనీ అందువల్లే మొదటి స్థానం నుంచి బయలుదేరాడు, ఎవరినీ దాటనివ్వని ఆ సర్క్యూట్ మీద చివరిదాకా ముందే ఉన్నాడు. వరుస తిరగేసే ఈ నియమం విజయం విలువను తగ్గిస్తుందని అనేవారున్నారు గాని, గోడలకు తగలకుండా, వెనుక తరుముకొచ్చేవారి ఒత్తిడికి లొంగకుండా చివరి చుట్టు దాకా నడపవలసిన పని 1964లో స్టీవర్ట్‌కు ఎంత ఉందో 2025లో మైనీకీ అంతే ఉంది.